నూరుల్లా భాయ్ చాందీ

రెండేళ్ళు నేను గుడ్డి గుర్రం కట్టిన టాంగాలో బడికి పోయాను. ఆ సంగతి నాకు తెలిసింది రెండో ఏడు చివర్లో. తెలిసిన రోజు నూరుల్లా భాయ్‌ని ఎన్ని మాటలన్నానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. అప్పుడు మాత్రం ఒక్క మాట కూడా ఎక్కువనిపించలేదు.

1966లో నిజామాబాద్‌లోని ఒక బడిలో టీచరుగా చేరాను. ఇల్లు కంఠేశ్వర్‌లో, బడి స్టేషనుకు అవతల. చిన్నప్పుడు విరిగి వంకరగా అతుక్కున్న కాలు నన్ను అంత దూరం నడవనిచ్చేది కాదు. అందుకని నెలవారీగా నూరుల్లా టాంగా మాట్లాడుకున్నాను. నాతోపాటు ముగ్గురు ఆడపిల్లలు ఎక్కేవాళ్ళు. మా ముందు ఏసయ్య టాంగాలో ఇంకొందరు పిల్లలు.

నూరుల్లాకు యాభై దాటాయి. గోరింటాకు పెట్టిన గడ్డం, మోచేతుల దగ్గర చిరిగిన ఖాకీ కోటు, ఎప్పుడూ ఆగని పొడి దగ్గు. ఆయన్ని చూస్తే ఎవరికైనా కాసేపు కూర్చోమని చెప్పాలనిపించేది. కానీ ఆయన రోజంతా కూర్చునే ఉండేవాడు, టాంగా మీద. అలసట మాత్రం దిగేది కాదు.

టాంగాలో వెనక సీటు వెనక్కే చూస్తుంది. నాకు గడిచిపోయిన రోడ్డు కనిపించేది తప్ప గుర్రం కనిపించేది కాదు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు చూసినా చాందీ అనే ఆ తెల్ల గుర్రం కళ్ళకు అటూ ఇటూ తోలు గంతలు ఉండేవి. అన్ని టాంగా గుర్రాలకూ ఉంటాయి కాబట్టి నాకేం అనుమానం రాలేదు. నాకు కోపం తెప్పించింది వేరే సంగతి. ఈయన ఎప్పుడూ ఏసయ్య టాంగా వెనకే తోలేవాడు. రోడ్డు ఎంత ఖాళీగా ఉన్నా దాటేవాడు కాదు. ఏసయ్య గుర్రం లేపిన దుమ్మంతా మా మీదే పడేది.

"కొంచెం ముందుకు పోనీ భాయ్" అనేదాన్ని.

"బడి యాడికి వోతది టీచరమ్మ, ఆడ్నే ఉంటది" అనేవాడు.

ఇంకో విడ్డూరం. శుక్రవారం మధ్యాహ్నం నూరుల్లా నమాజుకు పోతే, ఏసయ్య కూడా బండి విప్పేసి స్టాండులో చుట్ట కాల్చుకుంటూ కూర్చునేవాడు. ఆదివారం ఏసయ్య మా చర్చికి వస్తే నూరుల్లా ఇంటి దగ్గరే ఉండిపోయేవాడు. ఒకరి దేవుడి కోసం ఇద్దరూ పని మానుకునే మనుషుల్ని నేనింకెక్కడా చూడలేదు. స్నేహమంటే ఇంత పిచ్చా అనుకుని నవ్వుకున్నాను.

ఒక సోమవారం రెండు టాంగాలూ రాలేదు. ఏసయ్యకు చలిజ్వరమని పిల్లలు చెప్పారు. జ్వరం ఏసయ్యకైతే నూరుల్లాకేం రోగమని, కాలీడ్చుకుంటూ ఆయనింటికి పోయాను. రేకుల కొట్టంలో గుర్రం పక్కన నిలబడి మాలిష్ చేస్తున్నాడు. గంతలు తీసి ఉన్నాయి. గుర్రం నావైపు తల తిప్పింది. రెండు కళ్ళలోనూ పువ్వులు. పాలు పోసినట్టు తెల్లగా ఉన్నాయి.

నేను నోరు తెరవకముందే ఆయన చెప్పేశాడు. "దానికి కండ్లు లేవు టీచరమ్మ. మూడేండ్లాయె."

"మరి ఎట్లా నడుస్తోంది?"

"సంసోను యెనక నడుస్తది."

సంసోను అంటే ఏసయ్య గుర్రం. బైబిల్లో బలవంతుడి పేరు పెట్టాడే గానీ దాని పక్కటెముకలు ఎన్నో దూరం నుంచే చెప్పొచ్చు. రెండు గుర్రాలనూ చిన్న పిల్లలుగా ఉన్నప్పుడు కొన్నది నూరుల్లానే. ఒకే తొట్టిలో దాణా తిని పెరిగాయి. తర్వాత ఏసయ్యకు టాంగా తోలడం నేర్పి, సంసోనును అతనికిచ్చాడు. చాందీకి చూపు పోయిన ఏడాది మిగతా టాంగావాళ్ళు దాన్ని అమ్మేయమన్నారు. గుడ్డి గుర్రాన్ని ఎవరు కొంటారో, కొని ఏం చేస్తారో అందరికీ తెలుసు.

"పొద్దుగాల రెండిటిని ఎదురెదురుగ నిలవెడ్తం" అన్నాడు నూరుల్లా. "ఒగరి ముక్కుల ఒగరు ఊపిరి ఇడుస్తరు. మెడ వాసన సూస్తరు. గది అయినంకనే బండ్లు కడ్తం. ఇగ వాని అడుగు సప్పుడు చెవుల వడ్డదా, తోవల పది గుర్రాలున్నా వాని యెనకనే వోతది. వాడు సకిలిస్తే సాలు, స్టేషన్ కాడ ఎంత లొల్లి ఉన్నా ఇనవడ్తది దానికి."

నాకు ఒళ్ళు మండిపోయింది. నా పక్కన ముగ్గురు పసిపిల్లలు కూర్చుంటారే, వాళ్ళ అమ్మానాన్నలకు ఏం చెప్పేవాడివని అడిగాను. ఇంకా చాలా అన్నాను. లోపలినుంచి ఆయన భార్య ఖాసింబీ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఆయన మాలిష్ ఆపాడు. "తప్పే టీచరమ్మ" అన్నాడు. మాలిష్ గుడ్డ పిండుకుంటూ ఇంకోసారి అన్నాడు, "తప్పే."

రెండు రోజులు రిక్షాలో పోయాను. మూడో రోజు ఏసయ్య జ్వరం తగ్గి బండి కడితే, పిల్లలందర్నీ అతని టాంగాలో సర్ది, నేనొక్కదాన్నే నూరుల్లా టాంగా ఎక్కాను. ఆయన తప్పు ఒప్పుకున్న తీరు నన్ను కుదురుగా ఉండనివ్వలేదు.

ఏడాదికొకసారి మా బడి పక్క మైదానంలో టాంగాల పాసింగు జరిగేది. పాసయితే బండికి నంబరు బిళ్ళ. బిళ్ళ లేకపోతే స్టాండులో నిలబడనివ్వరు. పరీక్ష చేసే పెద్దమనిషి గిట్టలు, పళ్ళు, జీను కింద పుండ్లు చూస్తాడు, గంతలు తీయించడు. తర్వాత ఒక్కొక్క బండినీ ఒంటరిగా మైదానం ఈ కొస నుంచి ఆ కొసకు నడిపించి నడక చూస్తాడు. నిరుడు, ముందటేడు ఇద్దరిద్దర్ని కలిపి పంపారట. ఈసారి ఒంటరిగానేనని ముందురోజే తెలిసింది. నూరుల్లా ఆ రాత్రి నిద్రపోలేదని ఖాసింబీ నాతో అంది.

తెల్లారి ఏసయ్య చేసిన పని చూడండి. స్నేహితుడికి సాయం చేద్దామని, ముందు నడిచే గుర్రం మెరిసిపోతూ ఉంటే వెనకదాని మీద ఎవరి కళ్ళూ పడవని, సంసోనును కుంకుడు రసంతో రెండుసార్లు కడిగాడు. ఒళ్ళంతా వేపనూనె పట్టించాడు. నాలుగు కాళ్ళకూ కొత్త లాడాలు కొట్టించాడు. ఏసయ్య పండుగరోజు చర్చికి వచ్చేది కూడా అట్లాగే, నూనె కారుతూ.

చాందీ ఎప్పటిలాగే ముక్కు చాపింది. వేపనూనె వాసన తగలగానే తల వెనక్కి లాక్కుంది. చెవులు వెనక్కి వాల్చేసింది. సంసోను రెండడుగులు వేస్తే కొత్త ఇనుము రాళ్ళ మీద మోగింది. అది చాందీ ఎన్నడూ వినని అడుగు.

"ఏం జేసినవ్ ఏసయ్య" అన్నాడు నూరుల్లా. అరవలేదు.

ఏసయ్యకు అప్పుడు అర్థమైంది. కోటు తీసి గుర్రం ఒళ్ళు తుడవడం మొదలుపెట్టాడు. వేపనూనె తుడిస్తే పోతుందా? ఈలోగా అతన్ని పిలిచారు. సంసోను మైదానం దాటి ఆ కొసన నిలబడింది. తర్వాత నూరుల్లాను పిలిచారు.

బడి గోడ పక్కన నిలబడి నేను చూస్తున్నాను. నూరుల్లా పగ్గం కదిపాడు. చాందీ కదల్లేదు. నాలుకతో చప్పుడు చేశాడు, పేరు పెట్టి పిలిచాడు. ముందు కాళ్ళు భూమిలో పాతేసినట్టు నిలబడింది. పెద్దమనిషి కాగితం మీంచి తలెత్తాడు. నూరుల్లా మొహంలో భయం లేదు. ఇక చాలు, అన్నట్టుంది ఆ మొహం. అది చూసి నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు చాందీ తలెత్తి పొడుగ్గా సకిలించింది. ఎవర్ని పిలిచిందో నాకూ తెలుసు, ఏసయ్యకూ తెలుసు. ఆ కొసనుంచి సంసోను బదులు పలికింది. ఒంటికి నూనె పూయగలిగాడు గానీ గొంతుకు పూయలేడు కదా ఏసయ్య. చాందీ చెవులు రెండూ ముందుకు నిలిచాయి. అడుగు వేసింది. ఇంకో అడుగు వేసింది. సంసోను మళ్ళీ పలికింది. మైదానం ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్క వంకర లేకుండా నడిచిపోయింది.

"నడక బాగుంది" అని పెద్దమనిషి బిళ్ళ ఇప్పించాడు.

నేను గోడ దాటి పోయేసరికి ఇద్దరూ చాయ్ బండి దగ్గర ఉన్నారు. ఏసయ్య నవ్వడం లేదు. చాయ్ గ్లాసు పట్టుకుని నేలకేసి చూస్తున్నాడు.

"భాయ్, సంసోనును ఇచ్చేసిన" అన్నాడు.

బోధన్‌లో చెరుకు తూచే కాటా దగ్గర కాపలా పని దొరికిందట. రిక్షాలు వచ్చాక ఇక్కడ గిరాకీ లేదు, నలుగురు పిల్లలు. అక్కడే రామ్‌దాస్ అని రెండు టాంగాలున్న మనిషికి గుర్రాన్ని మాట్లాడేశాడు. నెల కింది మాట. పాసింగు అయ్యేదాకా చెప్పడానికి నోరు రాలేదు.

నూరుల్లా చాయ్ గ్లాసు బండి మీద పెట్టాడు. "ఎన్నడు వోవాలె?" అని మాత్రం అడిగాడు.

"వచ్చే నెల మొదటి ఐతారం లోపట."

ఏడాదికి సరిపడా బిళ్ళ చేతిలో ఉంది. గుర్రానికి కళ్ళు నెల రోజులకే ఉన్నాయి.

ఆ నెలంతా నూరుల్లా చాందీకి తన గొంతు నేర్పాలని చూశాడు. సాయంత్రాలు ఖాళీ బండి కట్టి, గుర్రం ముందు నడుస్తూ, మాట్లాడుతూ తీసుకుపోయేవాడు. ఇంటి గల్లీలో బాగానే వచ్చేది. పెద్ద రోడ్డు మీద లారీ హారన్ వినగానే ఆగిపోయి వణికేది. ఒకరోజు సంసోను ఎటుందోనని వెతుక్కుంటూ పక్కకు తిరిగి గోడకు కొట్టుకుంది. మోకాలు చెక్కుకుపోయింది. పసుపు, నూనె పెడుతూ నూరుల్లా నాతో అన్నాడు, "నేను ఎడ్డోన్ని టీచరమ్మ. పన్నెండేండ్ల సంది దీని యెనక కూసుంటున్న. యెనక కూసున్నోడు తోవ సూపిస్తడా?"

మర్నాడే ఆయన నిర్ణయం చెప్పాడు. చాందీని కూడా రామ్‌దాస్‌కు ఇచ్చేస్తాడట. ఊరికే.

ఆ శనివారం నేనూ వాళ్ళతో బయల్దేరాను. బోధన్‌లో మా అక్క ఉండేది. ఈసారి వెనక సీటులో కూర్చోలేదు. ముందు, నూరుల్లా పక్కన కూర్చున్నాను. వేపనూనె వాసన అప్పటికి పూర్తిగా పోయింది. పొద్దున్నే రెండు గుర్రాలూ ముక్కులు ఆనించుకుని చాలాసేపు నిలబడ్డాయి. దారంతా నేను చాందీ చెవులే చూశాను. ముందు పోతున్న అడుగుల చప్పుడుకు అవి కొంచెం కొంచెంగా సర్దుకుంటూ ఉన్నాయి.

ఎడపల్లి దాటాక చెరుకు బండ్ల బారు తగిలింది. వందల ఎద్దుల మెడల్లో గంటలు. చక్కెర ఫ్యాక్టరీ వైపునుంచి చెరుకు మడ్డి వాసన, ముక్కు పగిలేటంత. చాందీకి అటు చప్పుడూ పోయింది, ఇటు వాసనా పోయింది. రోడ్డు మధ్య ఆగింది. నూరుల్లా పగ్గాలు వదిలేసి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. ముందు ఏసయ్య బండి ఆపాడు. సంసోను సకిలించింది. చాందీ కదిలింది.

"సూసిన్రా" అన్నాడు నూరుల్లా.

రామ్‌దాస్ చాందీ గంతలు తీసి చూసి, చేతులు దులుపుకున్నాడు. "గుడ్డి గుర్రాన్ని నేనేం జేసుకోవాలె భాయ్?"

"వాని యెనక కట్టు. వాడు యాడికి వోతే గాడికి వోతది. తిన్నంత పని చేస్తది. పని చేయలేని నాడు నాకు చిట్టీ రాయి, నేనొచ్చి తోల్కపోత. ఎవ్వలకూ అమ్మకు. గిదొక్కటే."

రామ్‌దాస్ మంచివాడో కాదో నాకు తెలియదు. ఊరికే వచ్చిన గుర్రమని ఒప్పుకున్నాడో, నూరుల్లా మొహం చూసి ఒప్పుకున్నాడో. రెండిటినీ ఒకే కొట్టంలో కట్టించాడు. చాందీ మెడ చాపి సంసోను మెడ కిందికి తల దూర్చింది.

నూరుల్లా గుమ్మం దగ్గర నిలబడి ఒక్కసారి పిలిచాడు. "చాందీ."

అది తల తీయలేదు. ఆయన కాసేపు నిలబడి, చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు. పెంచిన మనిషి వెళ్ళిపోతుంటే తలైనా ఎత్తని ఆ గుర్రం మీద నాకు చెప్పలేనంత కోపం వచ్చింది.

ఆ తర్వాత నూరుల్లా ఎనిమిదేళ్ళు బతికాడు. టాంగా అమ్మేసి, మా బడికి వాచ్‌మన్‌గా వచ్చాడు. స్టూలు మీద కూర్చుని గంట కొట్టేవాడు. ఏసయ్య అప్పుడప్పుడు వచ్చి రెండూ బాగున్నాయని చెప్పి పోయేవాడు. వచ్చి చూసి పొమ్మని ఎన్నిసార్లు బతిమాలాడో. నూరుల్లా ఒక్కసారీ బోధన్ పోలేదు. ఎందుకు పోడో చాందీని వదిలిన రోజే, బోధన్ బస్టాండులో నాకు చెప్పాడు.

"ఇంకోసారి పిలవాల్సింది భాయ్" అన్నాను నేను. "వినిపించలేదేమో దానికి."

"ఇన్నది టీచరమ్మ" అన్నాడు. "ఒక చెవి నా దిక్కు తిప్పింది. మీరు సూడలే. ఇంకోసారి పిలిస్తే వాన్ని ఇడిసిపెట్టి వచ్చేది. గందుకే పిలువలే."