నేను గీసిన సున్నపు గీత

మా కాలనీ శామీర్‌పేట నుంచి మేడ్చల్ పోయే దారిలో ఉంటుంది. ముప్పై ఏళ్లు సర్కారు బళ్లలో పీఈటీ సారుగా ఈల ఊది, రిటైరయ్యాక ఇక్కడ చిన్న ఇల్లు కట్టుకున్నాను. నేను జాగా కొన్నప్పుడు దీన్ని ఊరి బయట అనేవాళ్లు. ఈ మధ్య ప్లాట్లు అమ్మేవాళ్లు పంచిన రంగు కాగితంలో మాత్రం ఇది ‘ఉత్తర హైదరాబాద్ డౌన్‌టౌన్’ అయిపోయింది. ఆ డౌన్‌టౌన్‌లో ఒక చాయ్ హోటలు, ఒక సిమెంటు దుకాణం, ఒక పంక్చరు షాపు, సాయంత్రం పూట రోడ్డు నడుమ నిలబడి ఎవరికీ దారివ్వని ఏడెనిమిది బర్రెలు ఉన్నాయి. డౌన్‌టౌన్ అన్నాక స్టేడియం లేకపోతే పరువేముంటుంది? వస్తోందన్నారు.

ఎవరన్నారో ఎవరికీ తెలియదు. తెల్లారేసరికి కాలనీ వాట్సాప్ గ్రూపులో రెండు పార్టీలు తయారయ్యాయి. నగరం నడిబొడ్డున ఉన్న పాత స్టేడియాలనే పట్టించుకునే దిక్కు లేదు, కొత్తది కట్టాలన్నా అక్కడే కట్టాలి, ఇంత దూరం ఎవడొస్తాడని ఒక పార్టీ. నడిబొడ్డు అనేది ఒకచోట ఉండేది కాదు, అది ఔటర్ రింగ్ రోడ్డు వైపు నడిచి వస్తోంది, రెండేళ్లలో మన గేటు ముందే ఆగుతుందని రెండో పార్టీ. మా కాలనీ అధ్యక్షుడిది రెండో పార్టీ. ఆయనది ప్లాట్ల వ్యాపారం కాబట్టి నడిబొడ్డు ఎక్కడ ఆగుతుందో ఆయనకు అందరికంటే ముందే తెలుస్తుంది.

ఇక చూడండి చర్చలు. స్టేడియం గేటు తూర్పుకుండాలా ఉత్తరానికుండాలా అని వాస్తు తెలిసినాయన రెండు రోజులు రాశాడు. పెద్ద లైట్లు వేస్తే నిద్ర పట్టదని ఒకరు, ఆ వెలుగులో దొంగల భయం ఉండదని ఇంకొకరు. పిల్లలు ఆటల్లో పడితే ర్యాంకులు పోతాయని మా వీధిలో కోచింగు చెప్పే లెక్కల మాస్టారు కంగారు పడ్డాడు. స్టేడియాన్ని తమకే ఇమ్మని బహదూర్‌పల్లి వాళ్లు అడుగుతున్నారట, యాప్రాల్ వాళ్లు అర్జీ కూడా పెట్టారట అని ఎవరో ఒక మాట వదిలారు. అంతే, అప్పటిదాకా వద్దన్నవాళ్లందరూ ఒక్క పూటలో కావాలన్నారు. ఈ చర్చలో దిగినవాళ్లలో ఒక్కరైనా గత పదేళ్లలో కనీసం బస్సు కోసం పరుగెత్తి ఉండరని ప్రమాణం చేసి చెప్పగలను. అందరితో పాటు నేనూ శభాష్ అని రాశాను. దాచడమెందుకు, ముళ్లకంపల మధ్య పిల్లలను ఉరికించి ఉరికించి అలసినవాణ్ని, స్టేడియం అంటే నాకు నోరూరింది.

అనుకున్న స్థలం మా కాలనీ పడమటి గోడను ఆనుకుని ఉన్న సర్కారు భూమి. ఆ గోడ గురించి ఒక మాట చెప్పాలి. కాలనీ వేసినప్పుడు అది ఇప్పుడున్న చోట లేదు. వాకింగు ట్రాక్ కావాలని ఒకసారి, క్లబ్ హౌస్ కావాలని ఇంకోసారి పడమటికి జరిగింది. గోడలు జరగవని మీరనుకుంటే మీరు మా వైపు ఎప్పుడూ ఇల్లు కొననట్టే. ఈ సంగతి అందరికీ తెలుసు, అందుకే ఎవరూ ఎత్తరు.

ఆ భూమికి రెండో చివర, గోడకు ఎదురుగా, అర ఎకరం కూరమడి ఉంది. అది సర్కారు ఆమె మామకు పట్టా ఇచ్చిన భూమి. ఆమె అంటే మా కాలనీకి పొద్దున్నే ఆకుకూరలు తెచ్చే ఆమె. యాభై దాటిన మనిషి. పాలకూర, కొత్తిమీర, మెంతి, పుదీనా, పుంటికూర అన్నీ ఆ మడిలోవే. చీకటితో కోసి, కట్టలు కట్టి, గంపలో పెట్టుకుని ఇంటింటికీ తిరుగుతుంది. భర్త పోయాక ఇల్లు నడిచేది ఆ మడి మీదే. ఆమె రాని రోజు మా ఆడవాళ్లు గేట్ల దగ్గర నిలబడి ఏమైందేమైందని అడుగుతారు, ఆమె క్షేమం కోసమే అనుకునేరు, పప్పులోకి ఆకు లేక.

ఒకరోజు అధ్యక్షుడు మా ఇంటికొచ్చాడు. మర్నాడు పెద్ద నాయకుడు స్థలం చూడడానికి వస్తున్నాడట. వట్టి జాగా చూపిస్తే ఆయనకేం కనపడుతుంది, మీరు ట్రాక్ గీసి పెట్టండి, మీరు టెక్నికల్ మనిషి అన్నాడు. జన్మలో నన్నెవరూ ఆ మాట అనలేదు. బళ్లో హెడ్మాస్టర్లు నన్ను ప్రార్థన వేళ వరసలు నిలబెట్టడానికి, పనివాళ్లు రానప్పుడు బెంచీలు మోయించడానికి తప్ప దేనికీ పిలిచేవారు కాదు. ఉబ్బిపోయి రెండు సంచుల సున్నంతో బయల్దేరాను.

నాలుగు వందల మీటర్ల ట్రాక్ గీయడం నాకు చేయి తిరిగిన పని. రెండు నిలువు గీతలు, రెండు చివరలా రెండు సగం చక్రాలు. చక్రం నడుమ ఒకరు తాడు కొస పట్టుకుని నిలబడితే, రెండో కొస పట్టుకుని నేను సున్నం పోసుకుంటూ తిరిగి వస్తాను. టేపు పెట్టి కొలిచేసరికి జాగా ముప్పై అడుగులు తక్కువొచ్చింది. తూర్పుకు జరిపితే మా గోడ, దాని వెనక క్లబ్ హౌస్ చక్రంలోకి వస్తాయి. పడమటికి జరిపితే ఆమె మడి వస్తుంది. నేను నడుమ నిలబడి కాసేపు ఆలోచించాను. ఆలోచించానని ఇప్పుడంటున్నాను గానీ, ఆలోచించడానికి ఏమీ లేదు. పడమటికే నడిచాను.

ఆమె పాలకూర కోస్తోంది. జర ఈ తాడు పట్టుకోమ్మా అన్నాను. చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి, నేను చూపించిన చోట నిలబడి పట్టుకుంది. ఇది దేనికని అడిగింది. రేపు పెద్దసారు వస్తున్నాడని, ఒక్కరోజు ముచ్చటని, వాన పడితే కొట్టుకుపోతుందని చెప్పాను. కొత్తిమీర మళ్ల మీదుగా సున్నం పోసుకుంటూ నేను వెనక్కి వెనక్కి నడుస్తుంటే ఆమె ఒక్కసారే నోరు విప్పింది.

“పుదీన మీద కాలు పెట్టకు సారూ, జారి పడ్తవ్.”

మర్నాడు నాయకుడు వచ్చాడు. తెల్ల బూట్లతో గీత మీద పది అడుగులు పరుగెత్తాడు. ఆ పది అడుగులూ పన్నెండు మంది ఫొటోలు తీశారు. అయిపోయింది, ఇక వాన కోసం చూడడమే అనుకున్నాను. వాన రాలేదు, సర్వే వాళ్లు వచ్చారు. అంత స్పష్టంగా తెల్లటి గీత ఉంటే ఎండలో మళ్లీ గొలుసులు పట్టుకుని కొలవడం దేనికనుకున్నారో ఏమో, నా గీత వెంబడే హద్దురాళ్లు పాతుకుంటూ పోయారు. పుదీనాలో రెండు, కొత్తిమీరలో నాలుగు.

ఆ సాయంత్రమే ఆమె మా గేటు దగ్గరికి వచ్చింది. గంప లేదు. నా గీత మీద రాళ్లు పాతారని, మడి సగం స్టేడియంలోకి పోతుందని, మిగిలిన సగానికి నీళ్లు పారించే బోరు కూడా పోతుందని చెప్పింది. ఆ బోరు పోతే అంతా పోయినట్టే. ఏమన్న జెయ్యి సారూ అంది. చూద్దాంలే అన్నాను. ముప్పై ఏళ్లు బళ్లో ఉన్నవాడికి చూద్దాంలే అనడం బాగా వచ్చు.

అధ్యక్షుడితో చెప్పాను. డెవలప్‌మెంట్ అన్నాక కొంత త్యాగం తప్పదన్నాడు. త్యాగం ఎవరిదని అడగాల్సింది. అడగలేదు. అడిగితే గోడ మాట వస్తుంది, గోడ మాట వస్తే ఈ కాలనీలో నాకు మంచినీళ్లు పుట్టవు. రెండు నెలలు స్టేడియం మీద మీటింగుల మీద మీటింగులు జరిగాయి. గ్యాలరీలో ఎన్ని వరసలుండాలో, మనవాళ్లకు పాసులు ఫ్రీగా ఇస్తారో లేదో, ఎవరి పేరు పెట్టాలో అన్నీ మాట్లాడారు. కూరమడి మాట ఒక్కరి నోట రాలేదు. ఆమె మాత్రం రోజూ వచ్చి నాకు కట్టలిచ్చి పోయేది. ఏమైంది సారూ అని అడగడం కూడా మానేసింది. దాంతో నాకు ఇంకా ఒళ్లు మండేది, ఎవరి మీదో తెలిసేది కాదు.

ఆఖరికి ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. దేవరయాంజాల్ పోయే దారిలో ఒక ఫంక్షన్ హాలు. ప్రజల అభిప్రాయం ఎలా ఉన్నా భోజనం మాత్రం బాగుండాలని వెనకాల వంటలు మొదలుపెట్టారు. నన్ను స్టేజీ ఎక్కించి శాలువా కప్పారు. ఆఫీసు నుంచి వచ్చిన అధికారి కాగితం తీసి, క్రీడా నిర్మాణాల సాంకేతిక నిపుణులు నిర్ధారించిన హద్దుల ప్రకారం నష్టపోయే ఇళ్లు లేవు, కట్టడాలు లేవు అని చదివాడు. చప్పట్లు మోగాయి. ఆ నిపుణుడెవరా అని నేనూ అటూ ఇటూ చూశాను. శాలువా నా భుజం మీదే ఉంది.

ఆమె హాలు గోడవారగా నిలబడి ఉంది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో మామ పేరు మీది పాత పట్టా. మాట్లాడతానని పేరిద్దామని పోతే, అభ్యంతరాలు రాసి మూడు కాపీలు ఇవ్వాలన్నారట. పోయి మళ్లీ గోడవారకే వచ్చి నిలబడింది. ఆమె మాట్లాడకుండానే ఒక్కొక్కరు లేచి జై అంటున్నారు. వాస్తు ఆయన జై అన్నాడు. లెక్కల మాస్టారు కూడా అన్నాడు. ఇక నిపుణులు రెండు మాటలు చెబుతారని మైకు నా చేతిలో పెట్టారు. ఆమె నా వైపు చూడలేదు, చేతిలో కవరునే చూసుకుంటోంది. ఛీ అనిపించింది.

“నేను నిపుణుణ్ని కాదు, పీఈటీ మాస్టర్ని” అన్నాను. “ఆ గీత తప్పు. తూర్పుకు మా కాలనీ గోడ ఉన్నదని ముప్పై అడుగులు పడమటికి జరిపిన. అక్కడ నిలబడ్డ ఆ తల్లితోనే తాడు పట్టించి ఆమె మడిలనే గీసిన. తెల్వక కాదు, తెలిసే గీసిన.”

అధికారి కాగితాలు తిరగేసి, మరి సరైన హద్దు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందని అడిగాడు. చెప్పాను. వాకింగు ట్రాక్ మీదుగా, క్లబ్ హౌస్ మెట్ల మీదుగా, అధ్యక్షుడు కారు పెట్టుకునే రేకుల షెడ్డు దాకా. అధికారి పాపం, గోడ మొదట ఎక్కడుందో చూపించే కాలనీ పాత నక్షా తెప్పించమన్నాడు. అప్పుడు చూడాలి మావాళ్లను. స్టేడియం వస్తే దోమలొస్తాయన్నాడు వాస్తు ఆయన. మైదానం తడపడానికే చెరువు నీళ్లన్నీ పోతాయన్నాడు ఇంకొకాయన. నగరం నడిబొడ్డున ఉండాల్సిన దాన్ని మారుమూల పల్లెల్లో కట్టడం ప్రజాధనం వృథా చేయడమేనని అధ్యక్షుడు బల్ల గుద్దాడు. నిన్నటిదాకా డౌన్‌టౌన్, భోజనాల వేళకు మారుమూల పల్లె. ఇప్పట్లో స్టేడియం అవసరం లేదని ఏకగ్రీవంగా తీర్మానించి అందరూ బగారన్నం వైపు నడిచారు. అధికారి కూడా నక్షా మాట మళ్లీ ఎత్తకుండా, ప్రతిపాదన పరిశీలనలో ఉంది అని రాసి ఫైలు మూశాడు. నేను ఇంటికొచ్చేసరికి వాట్సాప్ గ్రూపు నుంచి నన్ను తీసేశారు.

మర్నాడు పొద్దున్నే ఆమె రాలేదు. నేనే మడి దగ్గరికి పోయాను. నిజం చెప్పాలంటే, ఆమె ఏదో ఒక మంచి మాట అంటుందని ఆశపడే పోయాను. ఆమె మడిలో గడ్డపారతో రాళ్ల చుట్టూ తవ్వుతోంది. స్టేడియం ఆగిందమ్మా అన్నాను. తల ఎత్తింది.

“నా మడి పోతదన్నప్పుడు రెండు నెలలు అందరూ మంచిదే అన్నరు సారూ. మీ గోడ పోతదంటే ఒక్క పూటల ఆగింది.”

మాది గోడే కదా, నీది బతుకు కదా అని ఎవరైనా అనాల్సిన మాట ఆ రెండు నెలల్లో నేనూ అనలేదు. నిన్న హాల్లో చెప్పినా, ఆమె మడిని నిలబెట్టింది నా మాట కాదు, మావాళ్లకు గోడ మీద ఉన్న ప్రేమ. ఆమె గడ్డపార నా చేతికిచ్చి, పుదీనాలో ఉన్న రాయి చూపించింది. నేను చొక్కా చేతులు మడుచుకుని మొదలుపెట్టాను. పొద్దు బారెడెక్కినా ఆ ఒక్క రాయి ఊడిరాలేదు. వాళ్లు ఎంత లోతుకు పాతారో అప్పుడు తెలిసింది.