పొగలేని కరెంటు అడిగిన చిన్నాయన

మా చిన్నాయన పోయిన మంగళవారం దేవరకొండలో, తన ఇంట్లోనే, ఊపిరాడక కన్నుమూశాడు. పలకరించడానికి వచ్చినవాళ్లంతా "వయసు మీద పడ్డది గదా" అంటున్నారు. వింటుంటే ఒళ్లు మండుతోంది. ఆయన్ను తీసుకుపోయింది వయసు కాదు, బొగ్గు.

ఉద్యోగమంతా ఎక్కడో పై జిల్లాల్లో, బొగ్గుతో కరెంటు తీసే చోట, బూడిద తోడే పనిలో గడిచింది. రిటైరై వచ్చేటప్పటికే నాలుగు మెట్లెక్కితే ఆయాసం. దవాఖానలో డాక్టరు "బీడీలు ఎన్ని తాగుతావు?" అని అడిగితే చిన్నాయన నవ్వాడు.

"బీడీ ముట్టలే సారూ. బొగ్గే తాగిన."

డాక్టరు నవ్వలేదు. రాసుకోనూ లేదు.

తెల్లారగానే తడిగుడ్డతో కిటికీ అంచు తుడిచి, ఆ గుడ్డను వెలుగులో పెట్టి చూసేవాడు. బొగ్గు బూడిద రాలే క్వార్టర్లో ఉన్నప్పటి అలవాటు. "ఈడ తెల్లగనే ఉంది బిడ్డా" అనేవాడు నాతో, ఇంకా నమ్మకం కుదరనట్టు.

అణు విద్యుత్తు అంటే ఆయనకు పంతం. చాయ్ తాగడానికి వచ్చినవాళ్లకూ అదే చెప్పేవాడు. "పొగ లేదు, బూడిద లేదు. ఎండ కరెంటు గూడ కావాలె, కాదంటలేను. పొద్దు గూకినంక పంపు నడవాల్నంటే ఏం జేస్తవ్?" వచ్చినవాళ్లు చాయ్ తాగి లేచిపోయేవాళ్లు.

కొన్నేళ్ల కిందట మా మేనత్త ఊరి గుట్ట మీదికి యురేనియం వెతికేవాళ్లు బోరు మిషన్లతో వచ్చారు. అత్తవాళ్లవి గొర్లు. ఆ గుట్టే మేత, దాని కింది వాగే నీళ్లు. ఆమె బస్సెక్కి నేరుగా తమ్ముడి దగ్గరికి వచ్చింది.

"తమ్మీ, నీ పొగలేని కరెంటు నా గుట్టలనే దొరికిందా?"

చిన్నాయన ముందు ఆమెకు చెంబుతో నీళ్లిచ్చాడు. తర్వాత "నేను గూడ వస్తా అక్కా. ఆళ్లనే అడుగుదాం" అన్నాడు.

అత్తవాళ్ల ఊళ్లో షామియానా వేసి మీటింగు పెట్టారు. నేను చెయ్యి పట్టుకుని నిలబెడితే మైకు అందుకున్నాడు. "సారూ, నేను అణు కరెంటు కావాలనేటోన్నే. తవ్వినంక మిగిలిన మట్టి యాడ పోస్తరు? వానకు వాగుల కలవకుండ ఏం జేస్తరు? ఎన్ని తరాలు కావలి ఉంటరు?"

"అన్నీ నిబంధనల ప్రకారమే ఉంటాయి, కూర్చోండి" అన్నాడు అధికారి.

తవ్వకం వద్దనేవాళ్లు చప్పట్లు కొట్టారు. చిన్నాయన వాళ్ల వైపు తిరిగాడు. "మీరు జర ఆగుండ్రి. ఇది వద్దు, సరే. మరి బొగ్గు ఎవలి ఊర్ల కాలవెట్టాలె? ఆ ఊరోళ్లకు ఊపిరి లేదా?"

చప్పట్లు ఆగిపోయాయి. వెనక నుంచి ఎవరో "కంపెనీ మనిషి!" అని అరిచారు. మైకు లాక్కున్నారు.

మమ్మల్ని బస్సెక్కించడానికి వచ్చిన అత్త కోపంగా అడిగింది. "నువ్వు నా దిక్కు మాట్లాడినవా, ఆళ్ల దిక్కా?"

"జవాబు చెప్పెటోడు ఒక్కడు లేకపాయె అక్కా" అన్నాడు, మోకాలి మీద గుద్దుకుంటూ. ఆమె బస్సు కదలకముందే వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. చాలాకాలం మా గడప తొక్కలేదు.

తర్వాత వెతకడం ఆపేశారు, మిషన్లు వెళ్లిపోయాయి. ఊరు సంబరపడింది. చిన్నాయనా సంతోషించాడు. "అక్క గుట్ట బతికింది" అని, వెంటనే "బొగ్గయితే కాలుతనే ఉంది" అన్నాడు. ఆయన ప్రశ్నలకు మాత్రం ఎవరూ జవాబివ్వలేదు, ఇటువాళ్లూ అటువాళ్లూ. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే.

చివరికి ఊపిరికి ఆక్సిజన్ మిషన్ పెట్టాల్సి వచ్చింది. తెలిసి అత్త వచ్చేసింది. కరెంటు పోతే కొంగుతో విసిరేది, దానితో ఏమీ కాదని తెలిసినా. ఒకరోజు చిన్నాయన మిషన్ వైపు చూపించాడు.

"గీ గాలి గూడ బొగ్గుదే అక్కా."

అత్త కళ్లు తుడుచుకుంది. "గట్లయితే నీ కరెంటే రానీ తమ్మీ. నా వాగు ఖరాబు గాకుండ రానీ."

"గదే గదా నేనడిగింది!" అన్నాడు విసుగ్గా. ఆ మాటకే ఆయాసం వచ్చి దిండుకు ఒరిగాడు.

ఆయన్ను సాగనంపి వచ్చిన సాయంత్రం, మసక పడుతుంటే లైటు వేయబోయాను. గోడకు ఆనుకుని కూర్చున్న అత్త "జర ఆగు బిడ్డా" అంది. వీధిలో ఒక్కో ఇంట్లో లైట్లు వెలిగాయి. మిషన్ చప్పుడు లేని ఆ గదిలో మేమిద్దరం, ఒకరి ఊపిరి ఒకరికి వినబడుతూ, చీకట్లోనే కూర్చున్నాం.