మూడు మడతల పేగు

మా జువాలజీ మేడం పోయారని మొన్న పొద్దున ప్రొద్దుటూరు నుంచి ఫోను వచ్చింది. నేనప్పుడు జమ్మలమడుగులో, పాఠం చెప్పే కాలేజీ వరండాలో ఉన్నాను. పిల్లలు ఎదురుచూస్తున్నారు. లోపలికి వెళ్లి పాఠం చెప్పాను. ఆమె అయినా అదే చేసేవారు.

ప్రొద్దుటూరు డిగ్రీ కాలేజీలో ఆమె సముద్ర దోసకాయ అనే జీవి గురించి చెప్పిన రోజు నాకింకా గుర్తుంది. సముద్రం చూసినవాళ్లు మాలో ఇద్దరో ముగ్గురో. పులివెందుల అమ్మాయొకతె లేచి, "దాన్ని పప్పులో ఏస్తారా మేడం?" అంది. క్లాసంతా నవ్వింది. మేడం కూడా నవ్వి, సంచిలోంచి రవికె ముక్కలతో కుట్టుకొచ్చిన పొడుగాటి గొట్టం తీశారు.

"ఇది దాని పేగు. ఒంటికంటే శానా పొడుగు. యాడ పట్టల్ల? అందుకే కిందికి దిగి, మళ్లా పైకెక్కి, మళ్లా కిందికి దిగుతాది" అంటూ బల్ల మీద మూడు మడతలుగా పరిచారు. నోటి చుట్టూ కుచ్చుల్లా ఉండే స్పర్శకాలు ఇసుకనూ బురదనూ లోపలికి తోస్తాయట. అందులోని నాచు తునకల్నీ కంటికి కనబడని జీవుల్నీ పేగు అరిగించుకుంటుంది. మిగిలిన ఇసుక వెనక నుంచి బయటికి పోతుంది.

"తినేదాంట్లో శానా భాగం ఇసకే. అయినా ఇసుక్కోదు. కావాల్సింది ఏరుకుంటాది" అన్నారు. తర్వాత మమ్మల్ని ఓదార్చాల్సి వచ్చినప్పుడల్లా అదే మాట అనేవారు.

రెండో సంవత్సరంలో నా పేగు మెలిపడి కుళ్లింది. ఆపరేషన్ చేసి మూరెడు ముక్క తీసేశారు. ఇక చదువు చాలన్నాడు మా నాయన. ఆ సాయంత్రమే మేడం ఆసుపత్రికి వచ్చారు.

"కొన్ని సముద్ర దోసకాయలు భయపడితే పేగునే బయటికి తోసేస్తాయి. కొన్ని వారాలకు కొత్తది మొలుస్తాది" అన్నారు. నేను ఆశగా చూశాను. "నీకు మొలవదు పాపా. అబద్ధమెందుకు చెప్పల్ల? మిగిలిందే ఆ పని నేర్చుకుంటాది. కొంచెం కొంచెం తిను."

తర్వాత మా నాయన వైపు తిరిగారు. "పేగు కోసినారు గానీ బుర్ర కోయలేదు గదప్పా. పరీక్షలకు పంపు."

పరీక్షలకు ఆయనే నన్ను బస్సులో తీసుకొచ్చాడు.

కిందటి ఎండాకాలం చూడబోతే మేడం బాగా చిక్కిపోయి ఉన్నారు. అయినా తనే సంగటి ముద్ద వడ్డించి ఎదురుగా కూర్చున్నారు. కరెంటు పోయింది. "నిదానంగా తిను, తొందరేముంది" అంటూ, ఎవరిదో పాత రికార్డు పుస్తకంతో, నేను చెయ్యి కడుక్కునేదాకా నాకు గాలి విసురుతూనే ఉన్నారు.