చేనుకు కట్టిన సినిమాలు

సినిమాలు చూడ్డానికి కొత్తరకాలు వచ్చేశాయి కదా, దాచుకున్న సినిమా డీవీడీలు పారేయొచ్చా అని మొన్న ఒక ఫ్రెండ్ అడిగింది. నిన్న పూతలపట్టు దగ్గర బస్సు ఆగినప్పుడు, చిలకలు వాలకుండా సజ్జచేను చుట్టూ కట్టిన నల్లటి కేసెట్ రీలు గాలికి జుయ్యిమంటోంది. బస్సు కదిలేదాకా దాన్నే చూస్తూ ఉన్నాను.

మన ఈడువాళ్లకు గుర్తుంటాయి, మొదట్లో వచ్చిన చిన్న బీటా వీడియో కేసెట్లు. మా నాయన ఒక్కో సినిమా రికార్డు చేసి, అట్టమీద గుండ్రటి అక్షరాలతో పేరు రాసి, పెట్టెలో పట్టుచీరలకు పెట్టినట్టు కర్పూరం బిళ్లలు పెట్టి దాచేవాడు.

అంగళ్లన్నీ పెద్ద కేసెట్లకు మారిపోయాయి. చిన్నవాటిని ఆడించే మా వీసీఆర్ మిషను చెడి, పార్టు దొరక్క తిరుపతిలో మెకానిక్ దగ్గర పడి ఉంది. పదేళ్లదాన్ని, పెద్ద తెలివి ఉన్నట్టు అన్నాను: "ఇంక ఇవి యాడ ఆడతాయి నాయనా? చేనుకన్నా కడదాం."

నాయన కేసెట్ల పెట్టె నావైపు జరిపాడు. "నువ్వే కట్టు పాపా. నా చేత కాదు."

రెండు రోజులు ఆటలాగా రీళ్లన్నీ లాగి కట్టాను.

నెల తిరక్కముందే మెకానిక్ మిషను మోసుకొచ్చాడు. "పార్టు దొరికిందప్పా! బాగా ఆడతా ఉండాది. ఒక కేసెట్ ఇయ్యి, సూపిస్తా."

నాయన నావైపు చూడలేదు. "కరెంటు లేదులే అప్పా" అన్నాడు.

మా తలలమీద ఫ్యాను తిరుగుతూనే ఉంది.