తిప్పతీగ లోపలిది

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. భిలాయి స్టీల్‌ప్లాంటు కాలనీ సెక్టర్ 6లో లలితాంబ ఆ సామెతను ఏనాడూ ఒప్పుకోలేదు. క్వార్టర్ గోడమీద తిప్పతీగ పాకించి, కాన్సర్ మందులతో ఒళ్లు గుల్లయిన భర్త నరసింగరావుకు రోజూ పొద్దున్నే దాని పసరు పోసేది. కాడను ఉప్పునీళ్లలో శుభ్రంగా కడిగేది. ఉడికిస్తే గుణం పోతుందని పచ్చిగానే దంచేది. ఆవిడకు ఎదురుచెప్పి నెగ్గినవాళ్లు ఆ వీధిలో లేరు.

కూతురు గౌరీదేవి దుర్గ్‌లో ఒక కాలేజీ ల్యాబ్‌లో పరిశోధన చేస్తోంది. మందుమొక్కల లోపల కాపురముండే బాక్టీరియాను వెతకడం ఆమె పని. కాడను స్పిరిట్‌లో, బ్లీచింగ్ నీళ్లలో ముంచి పైనున్నవన్నీ చంపుతుంది. చివరగా కడిగిన నీళ్లలో ఏమీ పెరగకపోతేనే, ఆ కాడను నూరితే వచ్చింది లోపలిదని నమ్ముతుంది. ఎండల్లో అడవులు తిరగడానికి బద్ధకించి, ఈసారి అమ్మ తీగనే జానెడు కోసుకెళ్లింది.

నూరిన రసం పోసిన ప్లేటు మీద పసుప్పచ్చని బాక్టీరియా చుక్కలు లేచాయి. వాటి జన్యువులు తెలిసిన ఏ జాతితోనూ సరిపోలలేదు. కొత్త జాతి! భిలాయి పేరే పెడదామని గౌరీదేవి పొంగిపోయింది.

పేరు పెట్టాలంటే మిగతా పరీక్షలూ చేయాలి. చేసింది. నెత్తురు కలిపిన ప్లేటులో చుక్కల చుట్టూ ఎరుపు కరిగిపోయింది, అంటే అది రక్తకణాలను పగలగొడుతోంది. ఆసుపత్రి మందుల బిళ్లలు పేర్చిన ప్లేటులో అది ప్రతి బిళ్ల అంచుదాకా పాకింది, ఏ మందూ దాన్ని ఆపలేదు. గౌరీదేవి ప్లేటు మూసేసి లేచింది. తండ్రి కొన్నాళ్లుగా చలిజ్వరంతో ఆసుపత్రిలోనే ఉన్నాడు.

పరుగున వెళ్లింది. వరండాలో డాక్టర్ ఉదయ్‌కుమార్ ఎదురయ్యాడు.

"రక్తంలో ఏదో బాక్టీరియా పెరిగిందమ్మా. మా మిషన్ పోల్చుకోలేకపోతోంది."

"పసుపు రంగా, సార్?"

"అవును. మీకెలా తెలుసు?"

ఆమె గదిలోకి దూసుకెళ్లింది. మంచం పక్కన లలితాంబ ఫ్లాస్కుకి మూత బిగిస్తోంది.

"అమ్మా, అదేంటి?"

"గట్టిగా అరవకే, డాక్టరుబాబు ఇంటాడు. పసరే. ఇక్కడికొచ్చినా ఒక్కరోజూ మానలేదు. జరం తగ్గట్లేదు కదా అనీసి ఇప్పుడు రెండుపూటలా ఇచ్చేస్తన్నాను. ఫికర్ చెయ్యకు."

నరసింగరావు అప్పటికే మూతి తుడుచుకుంటున్నాడు.