డినీ ఏ వరసలో నిలబడాలి

డినీ గవహన్ నలభై ఏళ్లు, ఐర్లండ్ పడమటి ఒడ్డున మా బెల్‌ముల్లెట్ చుట్టుపక్కల ఉత్తరాలు పంచాడు. రిటైరయ్యాక చావుల వెంట పడ్డాడు. ఎవరు పోయినా, వాన కురుస్తున్నా, ఆ ఇంటికి వెళ్లాల్సిందే. చూపు తగ్గి లైసెన్సు పోయింది కాబట్టి మా అమ్మ కారులో నేనే తిప్పేవాణ్ణి. కాలేజీ మానేసి గాల్వే నుంచి వచ్చేశాను. ఇంట్లో కాలు నిలవదు, చేసే పనీ లేదు.

మా దగ్గర పద్ధతి ఒకటే. ముందుగదిలో మూత తీసిన శవపేటిక, పక్కన కుర్చీల్లో ఇంటివాళ్లు. ఊరంతా వరసగా వెళ్లి ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని "సారీ ఫర్ యువర్ ట్రబుల్" అని, వంటగదిలో టీ తాగి బయటపడాలి. నాకా నాలుగు మాటలు నోట్లోంచి రావు. ఏదో గొణిగి జారుకునేవాణ్ణి. ఒకసారి మాత్రం ఒకావిడతో, "మీ బాధ నాకు అర్థమవుతోంది" అనేశాను. కారెక్కగానే డినీ తగులుకున్నాడు.

"ఏమర్థమైందిరా నీకు? ఆవిడ మొగుడితో కాపురం చేశావా?"

"మరేమనాలి?"

"ఆ నాలుగు మాటలే. కష్టం ఆవిడది, సారీ నీది. అక్కడితో ఆగాలి. ఇంకొక్క అడుగేస్తే జాలి అవుతుంది. జాలి ఎవడిక్కావాలి?"

జాలి అతనికి తెలుసు. పదకొండేళ్ల కిందట, అరవై దాటాక, అతనికి పెళ్లి కుదిరింది. వారం ముందు పెళ్లికూతురు వద్దనేసి డబ్లిన్ వెళ్లిపోయింది. ఆ శనివారం పబ్‌లో అన్న ఫెస్టీ అందరి ముందూ అతని భుజం మీద చెయ్యేసి, "పాపం, మా డినీ" అన్నాడు. డినీ సగం గ్లాసు అక్కడే వదిలేసి లేచిపోయాడు. అంతటితో మాటలు బంద్. ఫెస్టీది రెండు పొలాల అవతలి ఇల్లే. రిటైరయ్యేదాకా అన్న ఉత్తరాలు డబ్బాలో వేసి, తలెత్తకుండా సైకిలెక్కేవాడు.

మార్చిలో ఫెస్టీ గుండె ఆగి పోయాడు. నాలుగు నుంచి ఏడు వరకూ ఇంటి దగ్గర చూడవచ్చని రేడియో చావుకబుర్లలో చెప్పారు. మూడింటికే డినీ నల్ల కోటు వేసుకుని వచ్చి కారులో కూర్చున్నాడు.

"పోనీ."

గేటు దగ్గరికి రాగానే, "ఆపకు" అన్నాడు. సముద్రం దాకా పోయి వెనక్కొచ్చాం. మళ్లీ గేటు. మళ్లీ "ఆపకు." టోపీ తీస్తాడు, పెట్టుకుంటాడు, కిటికీ దించుతాడు, ఎత్తుతాడు. నాలుగో చుట్టుకి నాకు ఒళ్లు మండింది.

"ఏంటి నీ గోల?"

"ఏ వరసలో నిలబడాలిరా నేను?"

అదీ సంగతి. తమ్ముడు కుర్చీలో కూర్చోవాలి. పదకొండేళ్లు మాట్లాడనివాడు ఏ మొహంతో కూర్చుంటాడు?

"బయటివాళ్లతో నిలబడు. లేదా ఇంటికి పోదాం. రేపు పూడ్చేస్తారు, తేల్చుకో" అన్నాను. మొరటుగానే అన్నాను. డినీ తలుపు తీసుకుని దిగాడు.

వాకిట్లో వానలో వరస. మమ్మల్ని చూసి జనం మాటలాపి బూట్లు చూసుకున్నారు. పొరుగున ఉండే ప్యాట్సీ ఒక్కడే నోరు జారాడు. "నీకు కూడా క్యూ ఏంటయ్యా డినీ?" నేను అతని వెనకే నిలబడ్డాను, పారిపోకుండా.

లోపల ఫెస్టీ భార్య నోరీన్, పక్కన కూతురు. డినీ ఆవిడ చెయ్యి పట్టుకుని, ఎప్పుడూ అనేంత బాగా, "సారీ ఫర్ యువర్ ట్రబుల్, నోరీన్" అన్నాడు. ఆవిడ చెయ్యి వదల్లేదు.

"నా ఒక్కదాని కష్టమేనా? ఆ పెట్టెలో ఉన్నాయన నీకేమీ కాడా?"

"నేను... బయటి..."

"బయట వాన పడుతోంది. వచ్చి కూర్చో, ముసలి గాడిదా. జరుగమ్మా, బాబాయికి చోటివ్వు."

కూర్చున్నాడు. వరసలో తర్వాతివాణ్ణి నేనే. అతను తలెత్తి నా వైపు చెయ్యి చాపాడు. వంటగది తలుపు రెండడుగుల్లో ఉంది.

"సారీ ఫర్ యువర్ ట్రబుల్, డినీ."

వచ్చేసింది. అతను నోరు తెరిచి, ఇన్నేళ్ల అలవాటుకొద్దీ, "సారీ ఫర్ యువర్ ట్రబుల్" అని నాకే అప్పజెప్పాడు.

"థాంక్యూ అనాలి" అంది నోరీన్, కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూ.

ప్యాట్సీకి థాంక్యూ అన్నాడు. ఆ వెనకాయనకీ అన్నాడు. కాసేపు వరస తెగింది. డినీ పక్కకి వంగి, పెట్టెలో అన్న భుజం మీద చెయ్యి వేశాడు.

"పాపం, మా ఫెస్టీ" అన్నాడు.

నేను టీ తాగకుండా బయటికొచ్చేశాను. ఏడయ్యేదాకా అతను లేవలేదు. నేను కారు చుట్టూ తిరుగుతూనే ఉన్నాను.