వీధికి వెలుతురడిగిన వియ్యపురాలు

మా అల్లుడు ముందుగా ఫోన్ చేయకుండా మా ఇంటికి ఎప్పుడూ రాడు. పోయిన నెల ఒక ఉదయం ఫోన్ చేయకుండానే వచ్చి గేటు పట్టుకుని నిలబడ్డాడు. చూడగానే నాకు అర్థమైంది. "అత్తా, అమ్మ నిద్దర్లోనే పోయింది" అన్నాడు. చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టి అతని వెంట నడిచాను. మా రెండిళ్ల మధ్య ఒక్క మలుపే దూరం.

ఆమె నాకు వియ్యపురాలు. పెళ్లి పందిట్లోనే నన్ను "నువ్వు" అనేసింది. నేను చివరిదాకా "మీరు" అనే అన్నాను. కాలేజీలో కామర్స్ చెప్పినదాన్ని, ఏ సంగతైనా కాగితం మీద పెట్టి సరిచూసుకున్నాకే అడుగు వేస్తాను. ఆమె ముందు అడుగు వేసి, దారిలో ఆలోచించుకునేది. మా ఇంట్లో కాఫీ తాగినప్పుడల్లా "చక్కెర గూడా లెక్కేసి ఏస్తావే వదినా, రవ్వంత ఎక్కువైతే ఎవురు ఆడిట్‌కు వస్తారు?" అనేది. నేను నవ్వేదాన్ని కాదు. నవ్వితే ఇంకో మాట అంటుందని తెలుసు.

ఆమెను తలచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది చిత్తూరులోని మా వీధి దీపాలే. మా ఇద్దరికీ ఒకే మనవరాలు. డిగ్రీ అయ్యాక బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో చేరింది. క్లాసు సాయంత్రం పూటే. మెయిన్ రోడ్డులో బస్సు దిగి ఇంటికి నడిచి రావాలి. వీధిలోవి పాత సోడియం దీపాలు. ఒకటి వెలిగితే ఒకటి వెలగదు, వెలిగినదీ కాసేపటికి ఆరిపోతుంది. మా అల్లుడి ఇంటి ముందైతే ఎదుటి మనిషి ముఖం కనిపించదు. ఒక రోజు ఎవడో బైకు మీద పక్కనే నెమ్మదిగా వస్తూ, ఏవేవో కూస్తూ, గేటు దాకా వచ్చాడు. పిల్ల ఆ సంగతి దాచకుండా ఇంట్లో చెప్పింది.

"రేపట్నించి పోవద్దు. ఇంట్లోనే సదువుకో" అన్నాడు మా అల్లుడు. చెడ్డ తండ్రి కాదు, భయపడిన తండ్రి. పొద్దుటి బ్యాచ్ ఏదైనా ఉందేమో కనుక్కుంటానని నేనన్నాను. పొద్దుటి బ్యాచ్ లేదని మనవరాలు చెప్పింది. చిక్కుడుకాయలు ఒలుస్తున్న వియ్యపురాలు తలెత్తింది.

"దావలో చీకటుంటే బిడ్డ సదువు మాన్పించేదెందుకురా? చీకటినే మాన్పిద్దాం."

"నువ్వు చెప్తే పోతాదామ్మా చీకటి?"

"నేను చెప్తే పోదు. చెప్పాల్సినోళ్ళకు చెప్తే పోతాది. అంతవరకు నువ్వు బండేసుకొని బస్సు కాడికి పో."

మా అల్లుడు మామిడి మండీలో వ్యాపారం చేస్తాడు. కాయ దిగడం మొదలైతే అతను ఇంటికి వచ్చే వేళే ఉండదు. అందుకే "సీజను మొదలయ్యేదాకా పిల్చుకొస్తా. ఆలోగా లైటు రాలేదంటే క్లాసు బంద్" అని తేల్చేశాడు. మనవరాలు ఇద్దరు అవ్వల ముఖాలూ మార్చి మార్చి చూసింది.

అర్జీ నేను రాశాను. పాత దీపాలు తీసి ఎల్‌ఈడీ దీపాలు వేయమనీ, కరెంటు తక్కువ పడుతుందనీ, మాటిమాటికీ మార్చే పని ఉండదనీ, వెలుతురు నేరుగా రోడ్డు మీద పడుతుందనీ వరుసగా పెట్టాను. ఆమె చెవి ఒగ్గి విని, "ఇంత మర్యాదగా రాస్తే చదివేవాళ్ళకు నిద్దరొస్తాది వదినా. బిడ్డ మాట ఒకటి రాయి" అంది. "మా ఆడబిడ్డలు చదువుకోవడానికి నడిచే దారి ఇది" అని చివర చేర్చాను. ఇప్పుడు చూస్తే, అర్జీలో గుర్తుండే వాక్యం అదొక్కటే.

సంతకాలకు ఇల్లిల్లూ తిరిగాం. మలుపులో అంగడి నడిపే ఆయన "ఏందక్కా, ఎలక్షన్లో నిలబడతాండావా?" అని ఆటపట్టించాడు. "నిలబడేదానికి మోకాళ్ళు కావల్ల గదప్పా. ముందు కుర్చీ ఎయ్యి" అని, కూర్చుని, అతని సంతకంతో పాటు అతని భార్య సంతకం కూడా తీసుకునే లేచింది. "అడిగేదానికి సిగ్గుపడితే చీకట్లో తారాడాల్సిందే" అనేది నాతో. నాకు అడగడం చేతకాదని ఆమెకు తెలుసు.

సోమవారం కార్పొరేషన్ ఆఫీసులో అర్జీలు తీసుకుంటారు. మా వంతు వచ్చింది. అధికారి కాగితం చదువుతుంటే నేను పక్కన నిటారుగా నిలబడ్డాను. ఆమె టేబుల్ మీదికి వంగి, "కరెంటు మిగిలేది మీకు, ఎలుతురు దక్కేది మాకు. బేరం బాగుండాది గదా నాయనా" అంది. ఆయన నవ్వి, పరిశీలిస్తామన్నాడు. "పరిశీలించేదానికి సందేళ రావల్ల. పగలొస్తే మా వీధి శానా బాగుంటాది."

ఇంజనీరు నిజంగానే సాయంత్రం వచ్చాడు. దీపాలన్నీ చూసుకుంటూ మా అల్లుడి ఇంటి ముందు ఆగి తల పైకెత్తాడు. మేమూ ఎత్తాం. గోడ లోపలి మామిడి చెట్టు కొమ్మ ఒకటి రోడ్డు మీదికి సాగి, దీపాన్ని పూర్తిగా కప్పేసి ఉంది. వీధంతా సంతకాలు అడిగిన మేము మా తల మీది కొమ్మను చూడలేదు.

"లైటు మార్చడం ఒక పూట పనమ్మా. కానీ ఈ కొమ్మ ఉన్నంతకాలం ఎంత మంచి లైటు వేసినా వెలుతురు ఆకులకే" అన్నాడాయన.

ఆ చెట్టు ఆమె భర్త నాటింది. రెండిళ్ల ఊరగాయకూ కాయ ఆ కొమ్మదే. అప్పటికి పిందెలు గుత్తులుగా వేలాడుతున్నాయి. మా అల్లుడు ముఖం ముడుచుకుని "నాయన నాటిన సెట్టు. కొమ్మ కొట్టేది లేదు" అన్నాడు. ఆమె చాలాసేపు కొమ్మ వంకే చూసింది.

"మీ నాయన నాటింది మనం తినేదానికి అబ్బోడా, బిడ్డకు అడ్డం నిలిచేదానికి కాదు. కొట్టెయ్."

కొడుతున్నంతసేపూ ఆమె లోపలికి వెళ్లలేదు. వాకిట్లో కుర్చీ వేసుకుని చూసింది. కొమ్మ పడ్డాక కొంగులోకి పిందెలు ఏరి, సంతకం పెట్టిన ప్రతి ఇంటికీ పంచింది. పెట్టని ఇంటికీ ఇచ్చి, "ఈ తూరి పెడుదువులే" అంది. ఊరేసిన పిందెలు ఆ ఏడాదంతా మా వీధిలో ప్రతి పెరుగన్నం పక్కనా ఉన్నాయి.

మండీలోకి తొలి కాయ రాకముందే కొత్త దీపాలు వచ్చాయి. మొదటి సాయంత్రం అందరం రోడ్డు మీద నిలబడ్డాం. తెల్లటి వెలుతురు ఒక్కసారిగా పరుచుకుంది. ఎవరైనా ఏదైనా గొప్ప మాట అంటారేమోనని నేను చూస్తుండగా, ఆమె తన ఇంటి గోడ కేసి చూసి, "సున్నం కొట్టించి ఎన్నేండ్లయిందో ఇప్పుడు తెలస్తాండాది వదినా" అంది. ఆ రోజు మాత్రం నవ్వాను.

మనవరాలు క్లాసు మానలేదు. మొదటి పరీక్ష గట్టెక్కింది. ఆ ఫలితం చూసి, అక్షింతలు వేసి, రెండో పరీక్షకు చదువుకోమని తొందరపెట్టి, ఆమె వెళ్లిపోయింది.

కర్మలు ముగిసిన మర్నాడు పిల్ల మళ్లీ క్లాసుకు వెళ్లింది. చీకటి పడే వేళ నేను వాళ్ల వాకిట్లో కూర్చున్నాను. మలుపు తిరిగి వచ్చింది మా పిల్ల ఒక్కతే కాదు. వెనక వీధుల ఆడపిల్లలు నలుగురైదుగురు, పుస్తకాల సంచులతో, వాళ్లూ ఆ బస్సే దిగినట్టున్నారు. రోడ్డు నడిమధ్య నడుస్తున్నారు. వాళ్లలో ఒక పిల్ల మిగిలినవాళ్ల వైపు తిరిగి, చేతులు ఆడిస్తూ ఏదో లెక్క వివరిస్తూ, దారి వైపు ఒక్కసారైనా చూడకుండా, వెనక్కి వెనక్కి అడుగులు వేస్తూ వస్తోంది.